ఏలూరు తిన్నది ఎటు పోతోంది

నల్లజర్ల చుట్టుపక్కల పొలాలు చూసినవాళ్లకు, నలభై యాభై కిలోమీటర్ల దూరంలోని ఏలూరులో జనం ఏం తింటున్నారో ఊహకు అందదు. పోతవరం, దూబచర్ల, అనంతపల్లి వైపు ఎటు వెళ్లినా పామాయిల్ తోటలు, కొబ్బరి నీడన కోకో, మొక్కజొన్న, చెరకు. ఇంకా పైకి, దేవరపల్లి, గోపాలపురం వైపు వెళితే వర్జీనియా పొగాకు, దాన్ని కాల్చే బేరన్లు. కోకో గింజలు చాక్లెట్ కంపెనీలకు పోతాయి. పొగాకు వేలం కేంద్రానికి పోతుంది. పామాయిల్ గెలలు కోసిన ఇరవై నాలుగు గంటల్లోపు మిల్లుకు చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి చెడిపోతుంది. ఇంత పచ్చగా ఉన్న మెట్టలో ఊరి కంచంలోకి నేరుగా వచ్చేది ఎంత అని లెక్క తీస్తే, కాసిని కూరగాయలు, అరటి, మామిడి, కొబ్బరి.

కొంచెం దిగువన తాడేపల్లిగూడెం ఉంది. మా వైపు గూడెం అంటే చాలు. అక్కడి ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్టు కోస్తాలో పేరున్నది. ఆ ఉల్లి చుట్టుపక్కల పండేది కాదు, కర్నూలు నుంచి, కర్నూలు పంట అయిపోయాక మహారాష్ట్ర నుంచి లారీల్లో వస్తుంది. గూడెంలో కాంటా పడి, మళ్లీ లారీ ఎక్కి ఒడిశా, బెంగాల్ దాకా పోతుంది. ఇంకా దిగువన కొల్లేరు సరస్సు. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు ముక్కల మధ్య పడుకుని వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హౌరా చేపల మార్కెట్టుకు చేరతాయి. తినేది దూరం నుంచి వస్తోంది, పండించేది దూరానికి పోతోంది. ఇది చూడగానే ఎవరికైనా తోచే మాట ఒకటే: ఎక్కడ పండేది అక్కడే తింటే ఈ లారీలు, ఈ డీజిలు పొగ తప్పుతాయి కదా?

ఆ మాటను ముందు తూచి చూద్దాం. తూకం వేయకుండా ఒప్పుకున్న మంచి మాటల వల్ల పర్యావరణానికి మేలు జరిగిన సందర్భాలు తక్కువ.

కర్నూలు నుంచి గూడెం సుమారు 450 కిలోమీటర్లు. పది టన్నుల ఉల్లి వేసుకున్న లారీ లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. తిరుగు ప్రయాణం ఖాళీగా పోయిందనే అనుకుందాం. రానూ పోనూ 225 లీటర్లు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మొత్తం ఆరు వందల కిలోలు. దాన్ని పది వేల కిలోల ఉల్లికి పంచితే కిలోకు 60 గ్రాములు. ఇప్పుడు ఏలూరులో ఒకాయన కిలో ఉల్లిపాయల కోసం మోటారు సైకిలు మీద ఐదు కిలోమీటర్లు వెళ్లి వచ్చాడనుకోండి. పది కిలోమీటర్లకు పావు లీటరు కంటే కొంచెం తక్కువ పెట్రోలు. దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 460 గ్రాములు. అంటే కర్నూలు నుంచి వచ్చిన దారి మొత్తానికి అయినదానికి ఏడు రెట్ల పైమాట. వీధిలోకి వచ్చే తోపుడు బండికి, నడిచి వెళ్లగల చిల్లర కొట్టుకు మన ఊళ్లు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదని నాకు ఎప్పటి నుంచో ఉన్న అభిప్రాయం. ఈ లెక్క దాన్ని ఇంకా గట్టిపరిచింది.

ఇది మన ఒక్కరి లెక్క కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు 2008లో అక్కడి కుటుంబాల తిండి వెనుక ఉన్న కర్బన ఉద్గారాలను లెక్కగట్టారు. అందులో 83 శాతం పండించే దశలోనే పుడుతోంది. రవాణా మొత్తం కలిపినా 11 శాతం. ఉత్పత్తిదారు నుంచి దుకాణం దాకా జరిగే చివరి ప్రయాణం వాటా 4 శాతమే. విమానంలో వచ్చే పండ్ల సంగతి వేరు. లారీలో, రైలులో, ఓడలో వచ్చే తిండికి దూరం పెద్ద నేరం కాదు.

అయితే అసలు భారం ఎక్కడుంది? మన కంచంలో అయితే అన్నంలో.

గోదావరి డెల్టాలో రెండు కార్ల వరి: సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ). 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల నీటికి అలవాటు పడింది. మడిలో నీళ్లు నిలవగానే మట్టిలోకి గాలి పోవడం ఆగిపోతుంది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ పనిలోకి దిగి, కుళ్లుతున్న గడ్డిని, వేర్ల నుంచి ఊరే పదార్థాలను తిని మీథేన్ వదులుతాయి. అందులో ఎక్కువ భాగం బుడగల్లో కాకుండా వరి మొక్క కాడలో ఉండే గాలి గొట్టాల గుండానే బయటికి వస్తుంది. వరి తన వేళ్లకు ఊపిరి అందించుకోవడానికి ఏర్పరచుకున్న దారే మీథేన్‌కు కూడా దారి అయింది. ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే మడి హెక్టారుకు రోజుకు సుమారు 0.85 కిలోల మీథేన్ వదులుతుందని దక్షిణాసియాకు అంతర్జాతీయ వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఇచ్చిన ప్రమాణం. 120 రోజుల పంటకు హెక్టారుకు వంద కిలోలు, ఎకరానికి 40 కిలోలు. నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. కాబట్టి ఎకరం దాళ్వా మడి మీథేన్ రూపంలోనే 1,100 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆ ఎకరంలో రెండు టన్నుల బియ్యం వచ్చాయనుకుంటే కిలో బియ్యానికి అర కిలో పైనే. యూరియా తయారీకి, ట్రాక్టరుకు, మిల్లుకు అయ్యేది ఇందులో కలపలేదు. గూడెం మిల్లు నుంచి ఏలూరు బజారుకు ఆ బియ్యం వచ్చిన దూరం ఈ లెక్కలో ఏ మూలకూ రాదు.

మందు కూడా ఉంది, అదీ పాతదే. ఆరుతడి. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా, నీరు నేల కిందికి జానెడు కంటే కొంచెం తక్కువ లోతుకు దిగే దాకా ఆగి మళ్లీ తడి పెట్టడం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనికి ఒక సులువైన సాధనం ప్రచారంలో పెట్టింది: చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గొట్టం ముక్క. మడిలో పాతితే లోపల నీరు ఎక్కడుందో కంటికి కనబడుతుంది. 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు నీళ్లు పెడితే దిగుబడి తగ్గదు. ఇలా పంటకాలంలో చాలాసార్లు ఆరబెడితే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది. పూత దశలో మాత్రం నీరు తప్పకూడదు.

మరి రైతులు ఎందుకు చేయడం లేదు? చేయలేకపోవడానికి కారణం వాళ్ల అజ్ఞానం కాదు. డెల్టాలో చాలా చోట్ల నీరు మడి నుంచి మడికి పారుతుంది. నా మడి ఆరబెట్టాలంటే పై మడి ఆయన కూడా ఒప్పుకోవాలి. కాలవ నీటికి ఎకరానికి ఇంత అని శిస్తే తప్ప వాడిన నీటికి ధర లేదు, కాబట్టి పొదుపు చేసినవాడికి మిగిలేదేమీ లేదు. పైగా ఒకసారి వదులుకున్న నీరు మళ్లీ ఎప్పుడు వస్తుందో అన్న భయం. గోదావరిలో నీరు తక్కువైన ఏళ్లలో దాళ్వాకు వంతులవారీగా నీళ్లిస్తారు. ఆ ఏళ్లలో డెల్టా రైతులు తెలియకుండానే ఆరుతడి చేస్తున్నారు. నీటి కొరత లేని ఏడాది కూడా, వంతు ఎప్పుడొస్తుందో తేదీ ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే చాలు. జలవనరుల శాఖ క్యాలెండరే ఇక్కడ వాతావరణ విధానం అవుతుంది. ఒక్కో రైతు ఇంటికీ వెళ్లి గొట్టాలు పంచడం కంటే దీని ఫలితం ఎక్కువని నా నమ్మకం.

ఇక చేప.

కొల్లేటి చుట్టూ చేపల చెరువుల్లో ఒక దృశ్యం చూసినవాళ్లు మరిచిపోరు. నీళ్ల మీద వరసగా కర్రలు, తాళ్లు, వాటికి వేలాడే సంచులు. సంచుల్లో తవుడు, చెక్క. సంచికి చిల్లులుంటాయి. చేప వచ్చి మూతితో పొడిస్తే కావలసినంత మేత రాలుతుంది. ప్రపంచ చేపల పెంపకం నిపుణులు ప్రత్యేకంగా రాసుకున్న ఈ పద్ధతి మన రైతులు కనిపెట్టిందే. మేత నీళ్లలో చల్లితే సగం బురదపాలు, ఇలా అయితే నష్టం తక్కువ. నూనె తీసిన తవుడు మనం తినేది కాదు, బియ్యం మిల్లులో మిగిలేది. దాన్ని మాంసకృత్తులుగా మార్చే శీలావతి, ధాన్యం తిని పెరిగే చాలా జీవాల కంటే భూమికి తక్కువ బరువు. కొల్లేటి చేపను మొత్తంగా పర్యావరణ శత్రువుగా చూపించే రాతలతో నేను ఏకీభవించను.

చిక్కు చెరువు నుంచి బయటికి వచ్చే నీళ్లలో ఉంది. మేతలోని నత్రజనిలో చేప ఒంటికి పట్టేది నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. మిగిలింది నీటిలో, అడుగు బురదలో. దానికి తోడు నీటిలో నాచు పెరగడానికి కోళ్ల ఎరువు, యూరియా వేస్తారు. చేప పట్టాక ఆ నీరు కొల్లేటిలోకి, అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడ్డ ఈ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులు నీరు తెస్తాయి. బయటికి పోవడానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. దారి సన్నగా ఉండి రాక ఎక్కువైతే వచ్చింది లోపలే నిలుస్తుంది. గుర్రపుడెక్క మందంగా అల్లుకోవడానికి అది చాలు.

1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లను పేల్చేశారు. చాలా గట్లు తర్వాత మళ్లీ లేచాయి. గట్లు పగిలినప్పుడు నష్టపోయినవాళ్లలో బడా పెట్టుబడిదారులున్నారు, 1970లలో ప్రభుత్వమే సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించిన మత్స్యకారులూ ఉన్నారు. సరస్సును బాగుచేసే భారమంతా లంకల్లో బతికే వాళ్ల మీదే వేసి, పై నుంచి మురుగు పంపే పట్టణాలను వదిలేయడం న్యాయం కాదు. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు చేరేది కూడా ఈ సరస్సులోకే.

ఇక్కడ ఒక చిన్న గుణకారం చేయాలి. మనం తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని మన ఒంట్లో నిలవదు. ఎదిగిన మనిషి తిన్నదంతా దాదాపు విసర్జిస్తాడు. భారతీయుల ఆహారాన్ని బట్టి మనిషికి ఏడాదికి 2.7 కిలోల నత్రజని అని ఒక అంచనా. ఏలూరు జనాభా 2011 నాటికే రెండు లక్షలు దాటింది. రెండు లక్షలనే పెట్టుకుందాం. ఏడాదికి 540 టన్నులు, రోజుకు దాదాపు ఒకటిన్నర టన్నులు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అంటే ఏలూరు ప్రజలు రోజూ 70 బస్తాల యూరియాకు సమానమైన ఎరువును విసర్జిస్తున్నారు. అందులో కొంత సెప్టిక్ ట్యాంకుల్లో ఉంటుంది, కొంత గాలిలో కలుస్తుంది, మిగతాది కాలవల వెంట పల్లానికి జారుతుంది. అదే రోజు నల్లజర్లలో రైతులు యూరియా బస్తా కోసం సొసైటీ ముందు క్యూలో నిలబడి ఉండవచ్చు.

మన చేపలు తినే కలకత్తా ఈ సమస్యకు ఒక జవాబు చూపించింది. ఆ నగరానికి తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగరం మురుగు కాలవల్లో అక్కడికి వస్తుంది. లోతు తక్కువ చెరువుల్లో ఎండ, నాచు, సూక్ష్మజీవులు కలిసి దాన్ని శుద్ధి చేస్తాయి. నాచును చేపలు తింటాయి. మిగిలిన నీరు వరిమళ్లకు పోతుంది. యంత్రాలు, కరెంటు ఖర్చు లేకుండా ఒక మహానగరం మురుగు శుద్ధి అవుతూ, ఏటా వేల టన్నుల చేప అదే ఊరికి తిరిగి వస్తోంది. 1980లలో ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు ఊరి మురుగు ఎటు పోతోందని వెతుక్కుంటూ వెళ్లి, అక్కడి జాలర్లకు తరతరాలుగా తెలిసిన ఈ విద్యను లోకానికి చూపించాడు. ఆ తూర్పు కలకత్తా చిత్తడి నేలలు, మన కొల్లేరు రెండూ ఒకే రోజు, 2002 ఆగస్టు 19న, చిత్తడి నేలల రామ్సార్ అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కాయి. వాళ్ల చిత్తడి నేల ఊరి మురుగును తిండిగా మారుస్తోంది, మనది ఊరి మురుగును మింగలేక ఉబ్బుతోంది. ఏలూరు మురుగు తమ్మిలేటిలో కలిసే లోపు, ఊరి అంచున, కొన్ని రోజులు ఎండ తగిలేలా నిలిపే చెరువులు తవ్వడం అసాధ్యమైన పని కాదు. చెరువు తవ్వి నీటిని నడిపించే పనితనంలో కొల్లేటి వాళ్లను మించిన వాళ్లు దేశంలో తక్కువ.

అయితే ఒక షరతు. మురుగులో విషం ఉండకూడదు. ఏలూరు ఈ పాఠం చాలా కష్టంగా నేర్చుకుంది. 2020 డిసెంబరు 5 నుంచి వన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ఎయిమ్స్, నాగపూర్‌లోని నీరి సంస్థ ఇచ్చిన నివేదికల ఆధారంగా ప్రభుత్వం ప్రకటించింది. పొలంలో కొట్టిన మందు, కాలవలో వచ్చే తాగునీరు, బజారులో కొన్న కూరగాయ, వీటిని వేర్వేరు శాఖలు చూసుకుంటాయి. ఒంట్లోకి మాత్రం అన్నీ కలిసే వెళతాయి.

అందుకే మళ్లీ మెట్టకు రావాలి. నల్లజర్ల కూరగాయకు ఉన్న విలువ దగ్గరలో ఉండటం ఒక్కటే అయితే, మొదటి లెక్క ప్రకారం అది చాలా చిన్న విలువ. ఎవరు, ఏ మందుతో, ఏ నేలలో పండించారో ఊరికి తెలియడం, ఊరి మాట పండించేవాళ్లకు వినబడటం దగ్గరితనం ఇవ్వగల పెద్ద లాభం. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో దీనికి పనికొచ్చే నమూనా ఒకటుంది. ఎనీ టైమ్ మనీ అని పేరు పెట్టిన ఇరవై సెంట్ల మడిలో ముల్లంగి, ఆకుకూరలు, బెండ, వంగ, తీగ జాతులు విడతలు విడతలుగా వేస్తారు, జీవామృతంతో పెంచుతారు, వారం వారం ఏదో ఒకటి కోతకు వస్తుంది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో వాటా దక్కింది. అన్ని పంటల్లో దిగుబడి తగ్గదా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా. పురుగుమందు అవశేషం లేని ఆకుకూర విషయంలో మాత్రం ఏలూరు ఆ చర్చ తేలే దాకా ఆగక్కర్లేదు.

స్థలం ఎక్కడుందంటారా? పామాయిల్ తోటల్లోనే ఉంది. మొక్కలు తొమ్మిది మీటర్ల ఎడంతో నాటుతారు, ఎకరానికి 57. మొదటి మూడేళ్లు వాటి ఆకులు నేలను కప్పవు. మధ్యలో కూరగాయలు, అరటి వేసుకోవచ్చని పెదవేగిలోని భారతీయ పామాయిల్ పరిశోధన సంస్థ చెబుతూనే ఉంది. చెట్టుకు రోజుకు 150 నుంచి 250 లీటర్ల నీరు తాగే పంట కోసం ఎలాగూ డ్రిప్పు వేస్తారు. కూరగాయ వేయని రైతుకు అడ్డుపడేది ధర. గూడెం మార్కెట్టుకు మూడు బుట్టల బెండకాయలు తీసుకెళితే ఆటో కిరాయి, కమీషన్ పోగా ఏం మిగులుతుందో అతనికి తెలుసు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు దళారీని తప్పించాయి గానీ, రైతు రోజంతా అక్కడ కూర్చోవాలన్న షరతు తప్పించలేదు.

ధరకు హామీ ఇవ్వగలిగేది రోజూ వందల మందికి వండే వంటశాల. బ్రెజిల్ 2009లో చట్టం చేసింది: పాఠశాలల భోజనానికి ఇచ్చే కేంద్ర నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గర కొనడానికే. మన దగ్గర అలాంటి వంటశాలలకు కొదవ లేదు. ద్వారకా తిరుమలలో నిత్యాన్నదానం, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం హాస్టళ్లు, గూడెంలో నిట్, ఊరూరా డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తున్న బడి భోజనం. అన్నదానానికి పేరు పడ్డ ఆ గోదావరి తల్లి పేరు పెట్టుకున్నాక, ఆ భోజనంలోని కూర ఎవరి పొలంలోదో అడగడం సబబే. ఏడాది ముందుగా రేటు రాసి ఇస్తే నల్లజర్ల రైతు పామాయిల్ మొక్కల మధ్య బెండ వేస్తాడు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో ప్రకృతి వ్యవసాయ దినుసుల కోసం ఇలాంటి ఒప్పందమే చేసుకుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్లింది, గూడెం పశ్చిమ గోదావరిలో మిగిలింది, ఏలూరు తానే జిల్లా అయింది. ఒకే కూరల దారి మీద ముగ్గురు కలెక్టర్లు. నల్లజర్ల పక్క వాన నీరు ఎర్రకాలువలో పడి యనమదుర్రు డ్రెయిన్ గుండా భీమవరం వైపు పోతుంది, ఏలూరు నీరు కొల్లేటికి పోతుంది. ఈ ముగ్గురు కలెక్టర్లూ కలిసి కూర్చుని తిండి, నీరు, చెత్త ఒకే కాగితం మీద చూసే వేదిక ఇప్పుడు లేదు, కావాలి.

ఆ వేదిక మీద మొదట తేల్చాల్సింది తిరుగు బండి సంగతి. మెట్ట నుంచి కూరగాయలు దించిన చిన్న ట్రక్కు తెల్లారేసరికి ఖాళీగా వెనక్కి వెళుతుంది. ఏలూరులో మనిషికి రోజుకు 400 గ్రాముల చెత్త, అందులో సగం తడి అనుకుంటే రోజుకు 40 టన్నుల తొక్కలు, తొడిమెలు, మిగిలిన అన్నం. కుప్ప పోస్తే గాలి అందక అది కూడా వరిమడిలాగే మీథేన్ వదులుతుంది. తిరగేస్తూ గాలి తగిలిస్తే పది టన్నుల కంపోస్టు వస్తుంది. పామాయిల్ చెట్టు పాదుకు, కోకోకు అది పనికొస్తుంది, ఇసుక పాలు ఎక్కువ ఉన్న మెట్ట నేలకు నీరు పట్టే గుణం ఇస్తుంది. రైతు దాన్ని వద్దనడానికి ఒకే కారణం ఉంటుంది: అందులో ప్లాస్టిక్ ముక్కలు, బ్యాటరీ సీసం ఉంటాయన్న అనుమానం. 2020 తర్వాత ఆ అనుమానాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. కాబట్టి మొదటి ఏడాది మొత్తం ఊరి చెత్త ముట్టుకోనక్కర్లేదు. రైతు బజారు, హోల్‌సేల్ కూరగాయల మార్కెట్టు, అన్నదాన వంటశాలల తడి చెత్తతో మొదలుపెట్టవచ్చు. వీటిలో బ్యాటరీలు పడవు. ప్రతి కుప్పలో సీసం, నికెల్, కాడ్మియం ఎంతుందో వెంకటరామన్నగూడెంలో పరీక్ష చేయించి, ఆ అంకెను బస్తా మీద తెలుగులో అచ్చు వేయాలి. అంకె చూసి తీసుకోవాలో వద్దో రైతే నిర్ణయించుకుంటాడు.